మంచులో బయల్దేరిన వాన్

బాబూ కౌశిక్,

నువ్వు మాండలిన్ అమ్మేశావనీ, ఇక బ్యాండ్ లేదనీ మీ ఆవిడ రష్మి ఫోన్‌లో చెప్పింది. మా గరాజ్‌లో మొదలెట్టారు మీ బ్లూగ్రాస్ పాటలు, ఆ అమెరికా పల్లెపాటలు. మా ఊరి కాపెల్ లైబ్రరీలో పదిమంది ముందు వాయించినవాళ్ళు, తొమ్మిదేళ్ళకి మీరైదుగురూ ఒకే మైకు చుట్టూ నిలబడి వేలమందికి వాయించారు. "వయొలిన్ నేర్పిస్తే ఈ గుర్రాలోళ్ళ పాటలేంటే" అని తిట్టేదాన్ని. "నీ కాలెందుకు ఊగుతోందమ్మా మరి" అని నవ్వేది నా త్రివేణి.

ఓక్లహోమాలో మంచు మీద వాన్ జారి అది పోయినప్పుడు నడుపుతున్నది నువ్వే. అందరూ నిన్నే అన్నారు. కర్మలకి నువ్వొస్తే నేను మొహం తిప్పుకున్నాను.

నీకు తెలియంది ఒకటుంది నాయనా. ఆ పొద్దున త్రివేణి ఫోన్ చేసి, మంచు తగ్గేదాకా హోటల్లోనే ఉంటామంది. మర్నాడు వాళ్ళ నాన్న తద్దినం. "పాటకైతే ఎంత దూరమైనా పోతావు, తండ్రికి మాత్రం రాలేవా?" అన్నాను. అది ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాతే కదా బయల్దేరదామని నీ దగ్గర పట్టుబట్టింది? ఎందుకో నీకు చెప్పి ఉండదు. ఎవరి ముందూ నన్ను తక్కువ చేసేది కాదు.

నా పాపానికి నువ్వు వాయించడం మానకు. ఈ ఉత్తరం బ్యాండ్‌లో మిగతా ముగ్గురికీ ఇంగ్లీషులో చెప్పు. నాకు ఆ భాష రాదనే వంకతో ఏడు నెలలు నోరు మూసుకుని, నింద నీ మీదే ఉండనిచ్చాను.

త్రివేణి అమ్మ