సందు పెట్టిన పళ్లు

చిరంజీవి శ్రీలతకు,

వరంగల్ నుంచి నీ నాయిన మనసారా దీవించి రాస్తున్న సంగతులు. నేను, మీ అమ్మ, మన పుట్నాల బట్టీ అందరం బాగున్నాం. ఆదివారం కదా, బట్టీకి ఈ రోజు సెలవు. ఏటూరునాగారంలో నువ్వూ, నువ్వు చూసుకునే హాస్టల్ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఎప్పుడు ఫోన్ చేసినా అమ్మే మాట్లాడుతుంది, నా మీద కోపమా నాయినా అని అడిగావు. బంగారు తల్లీ, నీ మీద నాకు కోపమెందుకు? ఆఖరి పన్ను కూడా పోయినప్పటి నుంచి నా మాట గాలికి పోయింది. నీ పేరు పిలిస్తే ఈల వేసినట్టు వచ్చేది. అది నీకు వినపడొద్దని, నువ్వు పండక్కి వచ్చినప్పుడు తల ఊపుతూ నెట్టుకొచ్చాను, ఫోన్ వస్తే మీ అమ్మ చేతిలో పెట్టేవాణ్ణి. అంతే.

ఇప్పుడు సంతోషం విను. మీ నాయినకు పళ్లొచ్చాయి. పైన పద్నాలుగు, కింద పద్నాలుగు. ఇది రాస్తూ కూడా నాలుకతో తడిమి చూసుకుంటున్నాను.

శనగలు వేగాయో లేదో గింజను పంటి కింద పగలగొట్టి చప్పుడు వింటేనే తెలుస్తుందని నీకు ఎరుకే కదా. ఈ రెండేళ్లు ఆ పని మీ అమ్మదైంది. ఆమె నమిలి తల ఊపితే నేను దించేవాణ్ణి. "నీ కోసం నమిలి నమిలి నా దవడలు అరిగినయ్. నీకొచ్చేనాటికి నాయి ఊడుతయ్" అని రోజూ దెప్పేది. ఒక్కోసారి అలిగి తల ఊపేది కాదు, ఆ వాయి మాడిపోయేది.

తిరగని చోటు లేదు. హన్మకొండలో ఒక డాక్టరు చెప్పిన ఖర్చు విని నోరు మూసుకుని వచ్చేశాను. ఒక దవాఖానలో పీకడం ఉచితమన్నారు, కట్టడానికి సామాను లేదన్నారు. నా నోట్లో పీకడానికి ఏముందని?

అప్పుడు వచ్చింది రుహీ. పళ్ల డాక్టరు చదువు ఆఖరి ఏడాదిలో ఉన్న పిల్ల. మన దగ్గర పుట్నాలు కొంటూ నేను నవ్వితే చూసింది. ఆమె ముఖం వెలిగిపోయింది. "తాతా, జర నోరు తెరువు. ఒక్క పన్ను గూడ లేదా?" అంది, నిధి దొరికినంత సంబరంగా. ముసలోని బోసినోరు చూసి మురుస్తాంది, ఇదేం పిల్లని మీ అమ్మ చేతిలోని జల్లెడ విసిరినంత పని చేసింది. సంగతేమిటంటే, పరీక్షలో వాళ్లు ఒక మనిషికి మొత్తం పళ్లు కట్టి చూపించాలట. ఒక్క పన్నూ లేని మనిషిని ఎవరికి వారే వెతుక్కోవాలట. అట్లాంటి వాళ్లకు కాలేజీలో ఖర్చు దాదాపు లేదు. కానీ పిలిచిన ప్రతిసారీ రావాలి. పరీక్ష రోజు రాకపోతే ఆ పిల్ల ఏడాది పోయినట్టే.

ఏడుసార్లు పోయాను తల్లీ. ఆ కుర్చీ నెమ్మదిగా వెనక్కి వాలుతుంది. నోట్లో గోరువెచ్చని మైనం పెడతారు. పైన లైటు పొద్దుపొడుపులా ఉంటుంది. కళ్లు మూసుకుంటే నేను కుర్చీతో సహా బజారు మీదుగా తేలిపోతున్నట్టుండేది. కింద వేగిన శనగల వాసన, మా అమ్మ చేతిలో చెరకుగడ, నేను కొరుకుతున్నాను, రసం మోచేతి దాకా కారుతోంది. రుహీ చెంప తట్టి, "తాతా, నిద్రపోకు, కొలత కదులుతది" అంటే మళ్లీ కిందికి దిగేవాణ్ణి.

మైనంలో పళ్లు అమర్చి అద్దం ఇచ్చింది. సందు లేకుండా తెల్లగా, వరుసగా ఉన్నాయి. ఎవరో బ్యాంకు మేనేజరు నన్ను చూస్తున్నాడు. ముందు రెండు పళ్ల నడుమ సందు పెట్టమని అడిగాను. "సందు పెడితె తప్పు చేసిన్నంటరు, నా మార్కులు పోతయి తాతా" అంది. ఆడపిల్ల చదువు, సరే వద్దులే అన్నాను. కానీ పళ్లున్నప్పుడు నా ముఖం ఎట్లుండేదో చూడాలి, పాత ఫోటో తెమ్మని ఆమే అడిగింది కనుక చూపించాను. నీకు పదేళ్లప్పుడు నిన్ను భుజాల మీద ఎత్తుకుని నవ్వుతున్న ఫోటో. ఇద్దరి పళ్లలో ఒకే సందు. రుహీ చాలాసేపు చూసింది. ఫోటో తన దగ్గరే పెట్టుకుంది. తర్వాతిసారి పోతే పళ్ల మధ్య సందు ఉంది.

పరీక్ష రోజు బయటి కాలేజీ నుంచి పెద్ద సారు వచ్చాడు. నా నోరు చూసి ఇదేమిటి, పళ్లు కలవలేదెందుకని అడిగాడు. నన్ను మాట్లాడొద్దన్నారు, అయినా ఆగలేకపోయాను.

"సార్, అది ఈ పిల్ల తప్పు గాదు. ఆ సందు మా అమ్మది. నాకిచ్చింది, నేను నా బిడ్డకిచ్చిన. ఇప్పుడు నాకే లేకపోతె నా బిడ్డ నన్నెట్ల గుర్తువడతది?"

సారు ఫోటో అడిగి తీసుకున్నాడు. చిన్న స్కేలు పెట్టి నా సందు కొలిచాడు. మూడు అంకెలు పలకమన్నాడు, పలికాను, ఈల రాలేదు. "ఫోటో చూసి కట్టినవా?" అని రుహీని అడిగి, అవునంటే తల ఊపి రాసుకున్నాడు. రుహీ పాసైంది తల్లీ. నేను నవ్వుతూనే ఇంటికొచ్చాను, దారిలో వాళ్లు ఏమనుకున్నారో.

ఇక ఒక మాట మిగిలింది. ఇంతసేపూ దాని చుట్టూ తిరిగాను.

నువ్వు ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు బడిలో నిన్ను 'కిటికీ' అని పిలిచేవాళ్లు, ఏడ్చేదానివి. పట్నం నుంచి డాక్టర్లు వచ్చి, తీగ కట్టి సందు మూస్తాం, పైసా వద్దు, మీ నాయిన సంతకం చాలని చీటీ ఇచ్చారు. నీకు నేను గడువు దాటిపోయిందని చెప్పాను. దాటలేదు బిడ్డా. చీటీ వారం రోజులు నా జేబులోనే ఉంది. నువ్వు నవ్వితే మా అమ్మ కనపడేది. ఆమె పోయి అప్పటికి ఏడాదే. ఆ నవ్వు మూయించడానికి నాకు చెయ్యి రాలేదు. నా ముచ్చట కోసం నువ్వు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం నేర్చుకున్నావు. మొన్న పండక్కి వచ్చినప్పుడు కూడా అట్లాగే నవ్వావు.

రుహీని అడిగాను. ఈ వయసులో కూడా తీగ కట్టొచ్చట, కాలేజీలో అయితే మన చేతికి అందుతుందట. నువ్వు మూయించుకుంటానంటే సెలవు పెట్టి రా. నేనే తీసుకుపోతాను, ప్రతిసారీ బయట బెంచీ మీద కూర్చుంటాను, ఒక్క మాట అనను. వద్దనుకుంటే వద్దు. ఈసారి సంతకం నీది.

ఇట్లు,
నీ నవ్వుకు బాకీ పడ్డ నాయిన,
రాయమల్లు