ఆ నర్సవ్వ నువ్వు కాదు

అమ్మా, నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నా దగ్గరున్న నీ ఫోనుకు పొద్దున మెసేజ్ వచ్చింది. రొమ్ము పరీక్షలో అనుమానం ఉందట, నర్సవ్వ వెంటనే దవాఖానకు రావాలట. నువ్వు ఆ పరీక్షకే పోలేదు కదా! ఏమీ అర్థంకాక మన గల్లీ ఆరోగ్య కార్యకర్త ఆశా తాయిని అడిగాను. ఆమె ట్యాబ్‌లో చూసి, "మన దాజీ పేట్‌ల ఈ పేరు ఇద్దరికున్నది. నంబర్లు తారుమారైనట్టున్నయి," అంది.

వెనక గల్లీకి పరుగెత్తాను. ఆ నర్సవ్వ బీడీలు చుడుతోంది. "నాకేం మెసేజ్ రాలే బిడ్డా. అంటే మంచిగున్నట్టే గదా?" అంది. "ఒకసారి పోయొద్దాం పా, పెద్దమ్మా," అని ఆటో ఎక్కించాను.

గడ్డ చిన్నదే, నయమవుతుందన్నారు. కానీ అమ్మా, లోపలి నుంచి "నర్సవ్వ" అని పిలిచినప్పుడు ఆమెకంటే ముందు నేనే లేచాను. ఎందుకు లేచానో ఇప్పటికీ తెలియడం లేదు.