దూదికి అంటిన నెత్తురు

జులై 6

నా కాలు నాది. ముందు ఈ మాట రాయమన్నాను.

కోడలు షంషాద్ రాస్తోంది. నేను చెబుతున్నాను. నాకు అక్షరం రాదు. నోటిమాటను ఈ ఇంట్లో ఎవరైనా తిప్పేస్తారు, కాగితం మీదిది తిప్పలేరు. రేపు జ్వరమొచ్చి నాకు తెలివి తప్పితే, మా అమ్మ సరేనంది అని నా కొడుకు హుస్సేను చెప్పడానికి లేదు. అనలేదు. తెలివిలో ఉండి నేను సరేనంటే తప్ప ఈ కాలు కొయ్యకూడదు.

జులై 7

పరుపు కుట్టేటప్పుడు గుడ్డ జరక్కుండా అంచును కాలితో తొక్కిపడతాను. పెళ్లయి కావలికి వచ్చిన నాటినుంచీ అంతే. దబ్బనం అరికాల్లో దిగింది. దిగినట్టే తెలియలేదు — షుగరు కాలిని ఎప్పుడు తినేసిందో ఏమో. లేచి పొయ్యి దాకా నడిచాను కూడా.

“అత్తా, నీ కాల్లో దారం వేలాడతా ఉండాది” అంది షంషాద్.

నవ్వాను. అప్పుడు నవ్వొచ్చింది.

ఇప్పుడక్కడ గుంత. బొటనవేలి వైపు నలుపు. నెల్లూరు ఆసుపత్రిలో పెద్ద సర్జన్ కాలిని అటూ ఇటూ తిప్పి చూశాడు. నెత్తురు అందడం లేదమ్మా, మోకాలి కిందికి తీసేస్తే ప్రాణం నిలుస్తుంది అన్నాడు. కటువుగా అనలేదు. అందుకే నాకు భయం వేసింది.

జులై 9

అదే ఆసుపత్రిలో శారద అని ఒక డాక్టరమ్మ. మానని పుళ్ల మీద పరిశోధన చేస్తుందట. పుండులో కొత్త రక్తనాళాలు పుడితే మానుతుంది, పుట్టకపోతే మానదు, వాటిని పుట్టించడం ఎలాగో చూస్తున్నాం అంది. సర్జన్ ఈ నెలాఖరు దాకా గడువిచ్చాడు. అప్పటికి పుండు ఎర్రబడాలి. ఈలోగా జ్వరమొచ్చినా, నలుపు పైకి పాకినా ఆగేది లేదు.

ఆ పరిశోధనలో చేరతానని వేలిముద్ర వేశాను. హుస్సేను మొహం గోడ వైపు.

జులై 10

మన నెత్తురే తీసి గిరగిరా తిప్పి, పైన తేలిన పసుప్పచ్చ నీళ్లను పేరబెట్టి పుండు మీద వేస్తారట. నాళాలను పుట్టించే సరుకు అందులో ఉందని వాళ్ల అనుమానం. కానీ సగం మందికే వేస్తారు. తక్కిన సగానికి మామూలు కట్టు. ఎవరికేదో కంప్యూటరు చీటీ తీస్తుంది.

నాకు మామూలు కట్టు వచ్చింది.

నా నెత్తురు నాకు పెట్టడానికి చీటీ ఏందని అరిచాను. వార్డంతా చూసింది. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. “అందరికీ పెడితే, మానింది దానివల్లో కాదో ఎట్లా తెలుస్తుందమ్మా? అది మంచిదని నాకే ఇంకా తెలియదు.”

తెలియదని చెప్పే డాక్టరును ఇన్నేళ్లకు చూశాను. కోపం పోలేదు. అయినా లేచి రాలేదు.

జులై 13

ఈ రోజు చూసింది ఎలా చెప్పాలో...

చేతివేలి గోరు మొదట్లో నూనె బొట్టు వేసింది డాక్టరమ్మ. చిన్న కెమెరా ఆనించింది. ఎదురుగా తెర. తెర మీద జడపిన్నులు గుచ్చినట్టు వరసగా ఎర్రటి వంకీలు. వాటిలో ఏదో కదులుతోంది. గింజ వెనక గింజ, గింజ వెనక గింజ. ఆగదు. అలా పైకెక్కి, వంపు తిరిగి, దిగిపోతోంది.

ఇవి నావేనా అని అడిగాను. నీవేనమ్మా, వెంట్రుక కన్నా సన్నం అంది.

ఈ చేతులతోనే దూది ఏకాను. పిడకలు చరిచాను. మొగుణ్ణి మట్టిచేసిన రోజు గుండెలు బాదుకున్నాను. అన్ని పనుల్లోనూ ఇవి ఇలా పారుతూనే ఉన్నాయి. నాకొక మాటైనా చెప్పకుండా.

షంషాద్ కూడా వేలు పెట్టింది. దానివి తిన్నగా ఉన్నాయి. నావి వంకరటింకర. నావి పని చేసినాయి మే, అన్నాను.

జులై 14

ఎండకేసి చెయ్యి పట్టి చూసుకున్నాను. ఎర్రగా, అంతే. లోపల జరిగేది లోపలే.

జులై 16

కట్టు మార్చే రోజు. కొత్త నాళం ఎలా పుడుతుందో చెప్పమని డాక్టరమ్మను వదల్లేదు.

గాలి అందని కండ కేకేస్తుందట. నోటితో కాదు, నెత్తుటిలో ఒక సరుకు వదిలి. పక్కనున్న పాత నాళం ఆ కేక వింటుంది. దాని గోడ వదులవుతుంది. గోడలోంచి ఒక కణం ముందుకు వస్తుంది — పురుగు మీసంలా తడుముకుంటూ. మిగతావి దాని వెనక. అవతలి నుంచి ఇంకొకటి ఇట్లాగే వస్తుంటుంది. రెండూ కలుసుకుంటాయి, అతుక్కుంటాయి, బోలు పడుతుంది. అప్పుడు నెత్తురు పారుతుంది.

బొంతకు ఇద్దరం చెరో అంచు నుంచి కుట్టుకొస్తాం. కొలత తప్పితే మధ్యలో గుడ్డ ఉబ్బిపోతుంది. వెలుతురులో, కళ్లతో చూస్తూ, మాట్లాడుకుంటూ కుట్టినా తప్పుతుంది. ఆ చీకట్లో ఎవరు కొలత పెట్టారు?

అల్లా పనితనం. ఇన్నాళ్లూ ఆకాశం వైపే చూసి దణ్ణం పెట్టాను.

జులై 19

పుండు చుట్టూ వేడి. ఉప్పునీళ్లలో తడిపిన గాజుగుడ్డ పెట్టి ఆరనివ్వొద్దంటారు. తడి ఉంటే కుళ్లదా? మా ఇంట్లో ఏ దెబ్బకైనా మందు దూదే. కట్టు విప్పేశాను. కొత్తగా ఏకిన దూది మెత్తగా గుంత నిండా కూరాను. హాయిగా అనిపించింది.

షంషాద్ వద్దంది. నీకేం తెలుసు అన్నాను. అది కూడా రాయమన్నాను.

జులై 20

దూది ఎండి అతుక్కుపోయింది. పట్టి లాగాను. నెత్తురు.

హుస్సేను కొట్టు నుంచి వచ్చేసరికి పళ్లెంలో ఎర్రటి దూది. అప్పుడే సర్జన్ దగ్గర పనిచేసే అతనికి ఫోను కొట్టాడు. పుండు చెడింది, రేపు తీసుకొస్తుండాం, కొయ్యమనండి అని. నేనున్న గదిలోనే. నేను లేనట్టు.

వాళ్ల నాయనకూ ఇలాగే కాలు. కొయ్యనివ్వలేదు ఆయన. పుచ్చిపోయి పోయాడు. అప్పుడు ఆ కాలు పక్కన కూర్చుని ఈగలు తోలింది వీడే. అది నేను మర్చిపోలేదు.

“కాలు పోతే పోనీమా. నువ్వుంటే చాలు.”

“నేనుండేది కాలి మీదరా.”

వాడు అన్నం తినలేదు. నేనూ తినలేదు.

జులై 21

రైలు బిట్రగుంట దాటింది. ఎదురుగా హుస్సేను. ఒళ్లో సంచి. సంచిలో నా చీరలు, నాలుగు రోజులకు సరిపడా.

డాక్టరమ్మ ముందు పుండులో మిగిలిన దూది పోగులను చూసింది. ఎవరు పెట్టమన్నారని గట్టిగానే అడిగింది. నేనే అన్నాను. కొత్త కండ దూది పోగుల్లోకి అల్లుకుందట, లాగేసరికి మొదలంటా పెరికేశావు అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

తర్వాత వంగి పుండును చూసింది. చాలాసేపు. లేచేసరికి ఆమె మొహం వేరుగా ఉంది.

“మొదటిరోజు గీరినా చుక్క రాలేదమ్మా. ఇప్పుడొచ్చింది. నాళాలుంటేనే గదా నెత్తురొచ్చేది.”

కెమెరా పెట్టింది. గుంతలో మడమ వైపు ఎర్రటి గింజలు, తడిగా మెరుస్తూ. ఒక్కో గింజా కొత్త నాళాల గుత్తి అంది. పక్కనే నేను పెరికిన చోటు. దాని అంచున అప్పుడే మళ్లీ చిన్న చిన్నవి.

మళ్లీ! నేను పీకినా మళ్లీ. పసుప్పచ్చ నీళ్లు లేవు, చీటీ రాలేదు. ఈ ముసలి, చక్కెర పట్టిన, మాట వినని ఒంట్లో ఎవరో కేకేశారు, ఎవరో విని బయలుదేరారు.

ఏడుపొచ్చింది. దబ్బనం దిగినప్పుడు రాలేదు.

మానుతుందని మాత్రం డాక్టరమ్మ మాటివ్వలేదు. బొటనవేలి వైపు నలుపు అలాగే ఉంది. పైనుంచి వచ్చే పెద్ద నాళం సన్నగానే పారుతోంది, ఈ చిన్నవాటికి అది చాలుతుందో లేదో చెప్పలేను అంది. ఆమె సర్జన్‌తో మాట్లాడాక గడువు గడువుగానే నిలిచింది.

ఇవన్నీ మాయమాటలు అన్నాడు హుస్సేను, తిరుగు రైల్లో.

జులై 25

తడికట్టు. ముట్టుకోలేదు. చేతులు కట్టుకుని కూర్చోవడం పరుపు కుట్టడం కన్నా కష్టం.

జులై 27

ఒళ్లు కొంచెం వెచ్చగా ఉంది. షంషాద్ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. లోపల వాటికి చెప్పాను — కానియ్యండమ్మా, నేనిక్కడే ఉండాను అని.

జులై 28

వేడి తగ్గింది.

జులై 30

నెల్లూరు. ఇది ఆసుపత్రి మంచం మీద నుంచి చెబుతున్నాను. షంషాద్ మోకాలి మీద పెట్టుకుని రాస్తోంది.

నర్సు కట్టు విప్పి వెళ్లింది. సర్జన్ పక్క గదిలో ఉన్నాడు, వస్తున్నాడు. మడమ వైపు ఎరుపు బాగా పాకిందని షంషాద్ అంటోంది. నలుపు తగ్గిందా అంటే తల వంచుకుని రాసుకుంటోంది. నా అరికాలు నాకు కనపడదు.

హుస్సేను తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇన్ని రోజుల్లో ఒక్కసారీ వాడు ఈ పుండు వైపు చూడలేదు. వాళ్ల నాయనది చూసిన కళ్లు కదా.

“రారా. కొయ్యమనేవాడివి చూసి కొయ్యమను” అన్నాను.

వచ్చాడు. మంచం కోడు పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. వాడి ఊపిరి నా అరికాలికి తగులుతున్నట్టుంది — తగలదని తెలుసు.

చూస్తున్నాడు.