వదిన పంపిన చలిమిడి

తెనాలి,
ఆగస్టు 2007

రేపల్లెలో ఉన్న శేషారత్నం వదినకు,

అన్నయ్యచేత మీరు పంపిన చలిమిడి అందింది. మొన్న చుట్టాల పెళ్లిలో నా పొట్ట చూసి "ఎన్నో నెలే?" అని మీరు అడిగితే తల వంచుకున్నాను. సిగ్గుపడుతున్నాననుకున్నారు. సిగ్గే, కానీ ఆ సిగ్గు కాదు.

నేను కడుపుతో లేను వదినా. నాకు హెచ్.ఐ.వి. ఉంది. వాడుతున్న మాత్రల వల్లే బుగ్గలు, కాళ్లు, చేతులు పీక్కుపోయి, కొవ్వంతా పొట్టకు చేరిందని డాక్టరుగారు చెప్పారు. ఆ మాట అక్కడే చెబితే మీ చంటాణ్ణి నా ఒళ్లోంచి తీసేసుకుంటారని భయపడ్డాను.

అన్నయ్యకు మీరే చెప్పండి, నాకు నోరు రాదు. సీమంతానికి మీరు కొన్నారని అన్నయ్య చెప్పిన చీర కొట్లో తిరిగిచ్చేయండి.

చలిమిడి మాత్రం తిరిగి పంపలేను. తలుపేసుకుని అంతా తినేశాను, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని.

మీ ఆడపడుచు