అవ్వ సాక్ష్యం

అమ్మా,

ఫోన్ చేద్దామంటే అవ్వ పక్కనే ఉంటది. నాకెట్లాగూ మాట సక్కగ రాదు. గందుకే టైపు చేస్తున్న. డ్యూటీ దిగినంక చదువుకో.

అవ్వ బీపీ గోలీలు మింగుతలేదు. బొంత దులుపుతుంటే కింద గోలీల పట్టీలు దొరికినయ్. ఒక్క గోలి గూడ తియ్యలె. "గివేందే అవ్వా?" అంటే మొకం అటు తిప్పుకున్నది. మల్ల తనే చెప్పింది. ఉపవాస ప్రార్థనలప్పుడు ఆశా వర్కరమ్మ మిషన్ పెట్టి చూసి, బీపీ మంచిగుంది అన్నది గద. గా ఆదివారమే అవ్వ చర్చిల నిలబడి, దేవుడు నా బీపీ తీసేసిండని సాక్ష్యం చెప్పింది. అందరు చప్పట్లు కొట్టిండ్రట.

"గోలీలు మింగుతేనే తగ్గిందేమోనే," అన్న.

"నోర్ముయ్‌రా. అంతమంది ముంగట దేవుని పేరు మీద చెప్పిన. ఇప్పుడు ఇంట్ల చాటుకు గోలి మింగితే అబద్ధాలదాన్ని కానా? అయినా నాకేమన్న నొప్పా గిప్పా?"

నేను చెప్తే నవ్వుతది. నువ్వు చౌటుప్పల్ కంపెనీల గోలీలే డబ్బాలల్ల పెడుతవ్. నీ మాటైతే ఇంటదేమో.

నీ సాల్మన్

అమ్మా,

జర నిమ్మళంగ చదువు. అవ్వకేం కాలె. పక్కింటి నర్సింగమ్మవ్వ పొద్దుగాల బోరింగు కాడ పడ్డది. మూతి ఒంకర పోయింది, కుడిచెయ్యి లేస్తలేదు. ఆమె కొడుకు మైసయ్య మామ ఆటోల ఏసుకొని పాలమూరు దవాఖానకు తీస్కపోయిండు.

మామ తిరిగొచ్చి మన గడప కాడ నిలబడ్డడు. తిట్టలె. "బిక్షమ్మత్తా, నీ సాక్ష్యం ఇని మా అమ్మ గూడ గోలీలు బంద్ చేసిందట. బిక్షమ్మకు చేసిన దేవుడు నాకు చెయ్యడా అన్నదట," అన్నడు. గంతే అని పోయిండు.

గప్పటి సంది అవ్వ బువ్వ ముట్టలె. గోలి ఇస్తే, "ఇంక నాకెందుకురా, నేను పడాల్సింది అది పడ్డది," అన్నది.

నాకు బుగులైతాంది అమ్మా. ఆదివారం చర్చిల నేనే లేసి గోలీల సంగతి చెప్త. అవ్వ కొట్టినా సరే.

నీ సాల్మన్

అమ్మా,

లేసిన. "మా అవ్వ..." అన్న. మల్ల గదే అన్న, ముంగటికి పోలె. ఎనకకెళ్లి పోరగాళ్లు కిసకిస నవ్విండ్రు. గప్పుడు ఆడోళ్ల దిక్కుకెళ్లి అవ్వ లేసింది.

"కూసో బిడ్డా. అది నేను చెప్పాల్సిన ముచ్చట."

కొంగు నెత్తి మీదికి గుంజుకున్నది. "దేవుడు నాకు మంచిగ చేసింది నిజమే. గోలీలతోని చేసిండు. గది మీకు చెప్పలె. సగమే చెప్పిన. గా సగం ఇనే నర్సింగి పడ్డది."

పాస్టరయ్య తల దించుకున్నడు. ఈసారి ఎవ్వరు చప్పట్లు కొట్టలె. బయటికొచ్చినంక ఇస్రాయేలు తాత అవ్వ పక్కకొచ్చి, "నేను గూడ మింగుతలేనే," అని చిన్నగ అన్నడు. "ఓరి పిచ్చోడా, ఇంటికి పోయి మింగు," అని అవ్వ ఏడ్సింది.

నర్సింగమ్మవ్వ ఇంటికొచ్చింది. మాట రాదు. రోజూ గోలి ఏసేటందుకు మన అవ్వే పోతది, నేను చెంబుల నీళ్లు పట్టుకపోత. ఆమె పండ్లు గిట్టకరుసుకొని అవ్వ మొకమే చూస్తది. అవ్వ ముందుగాల తన గోలి నాలిక మీద పెట్టుకొని చూపియ్యాలె. మింగాలె. మల్ల నోరు తెరిచి, లేదని చూపియ్యాలె.

గప్పుడు ఆమె నోరు తెరుస్తది.

నీ సాల్మన్