వంటింట్లో మిగిలిన గోడ

తిరుపతి,
12 ఆగస్టు 2002.

నాయనకు, కోమలి దండాలతో రాసేది.

ఉత్తరం చూసి కంగారు పడొద్దు. అందరం బాగున్నాం. నందిని కాలేజీకి పోతోంది, మీ అల్లుడు రేణిగుంట గోడౌన్లో డ్యూటీకి పోతున్నారు, నేను సిమెంటు దుమ్ము తింటున్నాను. ఇల్లు అమ్ముతున్నామని పోయిన నెల చెప్పాను కదా. చూడటానికి ఇప్పటికి నలుగురు వచ్చారు. నలుగురూ ముందు గది చూసి తలూపారు, మేడమెట్లు చూసి తలూపారు, వంటింట్లోకి వచ్చి మాత్రం ముఖం ముడుచుకున్నారు. బ్రోకరు రామచంద్ర మొహమాటం లేని మనిషి. "అక్కా, కొనేది మొగోళ్ళయినా సరే అనాల్సింది ఆడోళ్ళు. వాళ్ళు సూసేది వంటిల్లు. ఈ మసిగోడలు, ఈ పాత కడప బండ పెట్టుకోని ఎంత సెప్పినా ఎవురూ కొనరు" అన్నాడు. సరేనని నల్ల గ్రానైట్ బండ, స్టీలు సింకు, పొగ లాగే ఫ్యాను, గోడలకు తెల్ల టైల్స్ పెట్టిస్తున్నాం. పైన పటారం, లోన లొటారం అంటావేమో. అమ్ముకునే ఇల్లంటే అంతే నాయనా.

మూడు గోడలు అయిపోయాయి. నాలుగో గోడ దగ్గర మేస్త్రి మునిరామయ్య తాపీ కింద పెట్టేశాడు. అది తూర్పు గోడ. ఆ మూలలోనే నేను ప్రతి శుక్రవారం పసుపు పూసి, బొట్లు పెట్టి, పోయిన మన ఆనందక్కను పేరంటాలుగా కొలుచుకుంటాను. "అమ్మా, ముత్తైదువగా పోయిన బిడ్డ ఈడ ఉండాది. ఆయమ్మ పుట్టింటోళ్ళు సీర, పసుపుకుంకాలు తెచ్చి సెలవు అడిగితేగానీ ఈ గోడకు నేను ఉలి పెట్టను. నాకూ ఆడబిడ్డలుండారు" అన్నాడు. రామచంద్ర వేరే మేస్త్రిని పిలుస్తానంటే నేనే వద్దన్నాను. మునిరామయ్య చెప్పింది నాకు పద్దెనిమిదేళ్ళుగా తెలుసు. అక్క అక్కడే ఉంది.

ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు. మధ్యాహ్నం పూట స్టవ్వు ముందు నిలబడితే నా వెనక ఎవరో ఉన్నట్టు ఉంటుంది. అడుగుల చప్పుడు ఉండదు, నీడ ఉండదు. మెడ వెనక మాత్రం తెలుస్తుంది. సంగటి కెలికేటప్పుడు మరీ దగ్గరికి వస్తుంది. అందుకే ఈ ఇంట్లో రాగిసంగటి చేయడం మానేశాను. గ్యాసు మీద సరిగా కుదరదని మీ అల్లుడికి అబద్ధం చెప్పాను. పాపం నమ్మారు.

అక్క టైఫాయిడ్‌తో పడినప్పుడు ఈ ఇంటికి ఉన్నది ఒక గది, ఈ వంటిల్లే కదా. గదిలో తన ఏడాది బిడ్డ నందిని ఉందని అక్క మంచం వంటింట్లో వేశాం. నేను అప్పటికి ఆమెకు సాయంగా వచ్చిన చెల్లెల్ని మాత్రమే. ఆ బిడ్డ కోసం బావను కట్టుకుని అక్క చోటులోకి నేను వస్తానని ఎవరనుకున్నారు? డాక్టరు గట్టి ఆహారం పెట్టొద్దన్నాడు. పదిహేను రోజులు జావ తాగి తాగి అక్క కళ్ళు పొయ్యి వైపే ఉండేవి. తను పోయిన రోజు పొద్దున నన్ను పిలిచి, "కోమలీ, సిన్న ముద్ద సంగటి, నంజుకోను రవ్వంత ఊరిబిండి పెట్టే" అంది. రేపు పెడతానన్నాను. సాయంత్రానికే పోయింది. ఆకలితో పోయిన మనిషి వంటింట్లో కాక ఇంకెక్కడుంటుంది నాయనా? ఇల్లు అమ్మేద్దామని మీ అల్లుణ్ణి సతాయించింది నేనే. రేణిగుంటకు దగ్గరగా చూసుకుందామని పైకి చెప్పాను. నిజానికి పారిపోతున్నాను.

కొనేవాళ్ళు ఇరవై మూడో తేదీ శుక్రవారం మళ్ళీ వస్తామన్నారు. నువ్వు ఒక చీర పట్టుకుని ఆలోగా వచ్చి అక్కను సెలవు అడుగు. నా మాట వినదు గానీ నీ మాట వింటుంది.

నీ చిన్న కూతురు,
కోమలి

నగరి,
16 ఆగస్టు 2002.

చిరంజీవి కోమలికి, నాయన దీవించి రాసేది.

మగ్గం మీదున్న చీర కోసి మడత పెట్టాను. తీసుకుని మాత్రం రాలేను. మోకాళ్ళ నొప్పులని రాద్దామనే కూర్చున్నాను. ఎన్నేళ్ళు ఆ సాకే చెప్పేది? ఆకలితో పోయిందని నువ్వు రాసిన చోట నాకు ముందుకు చదవబుద్ధి కాలేదు. మీ అక్క ఆకలితో పోలేదమ్మా.

ఆ రోజు నేను చూడటానికి వచ్చాను కదా. అప్పటికి మీ అమ్మ ఉంది, దారిలో తినమని సంగటి, ఊరిబిండి కట్టిచ్చింది. నువ్వు బట్టలు తీసుకుని కుళాయి దగ్గరికి పోయావు. మంచంలో ఉన్న మీ అక్కకు వాసన తగిలింది. "నాయనా, ఆ సంచిలో ఏముండాది?" అనింది. ఏమీ లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. రెండు ముద్దలు నా చేత్తో పెట్టాను. ఇంకొకటి అడిగితే అదీ పెట్టాను. ఎంత సంతోషంగా తినిందో నీకు రాయలేను. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని, మూతి తుడిచి, నువ్వొచ్చేసరికి చెయ్యి కడుక్కుని కూర్చున్నాను. రెండు గంటల బస్సుకు వచ్చేశాను. పొద్దుగూకేసరికి కబురు వచ్చింది.

డాక్టరు వద్దన్న తిండి పెట్టి నా బిడ్డను నేనే చంపుకున్నాను. మీ ఇంటికి వచ్చినప్పుడల్లా బయట తిన్నె మీదే కూర్చుని మంచినీళ్ళు తాగి పోతానని నువ్వు కోప్పడేదానివి. వంటింటి గడప తొక్కడానికి నాకు కాళ్ళు రావు. ఆమెను సెలవు అడిగే అర్హత నాకు లేదు. చీర రేపు తిరుపతి బస్సు కండక్టరు చేత పంపిస్తాను. నువ్వే పెట్టు. నా పేరు చెప్పొద్దు.

మీ నాయన,
చెంగల్రాయుడు

తిరుపతి,
20 ఆగస్టు 2002.

నాయనా,

దండాలు తర్వాత. ముందు ఈ మాట చదువు. అక్కను నువ్వు చంపలేదు.

పోయిన ఉత్తరంలో నేను సగం నిజమే రాశాను. గట్టి ఆహారం వద్దని డాక్టరు చెప్పింది మొదట్లో. చివరి రోజు తెల్లవారి ఆయన మళ్ళీ వచ్చి చూశాడు. మీ అల్లుడు అప్పటికే డ్యూటీకి పోయారు, నువ్వింకా బస్సులో ఉన్నావు. డాక్టరు నన్ను వాకిట్లోకి పిలిచి, "పేగుకు తూటు పడిపోయింది తల్లీ. ఈ రోజు గడవదు. కావలసిన వాళ్ళందరినీ పిలిపించండి. ఏమడిగితే అది పెట్టండి" అన్నాడు.

అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. ఆ మాట మింగేశాను. సంగటి పెడితే అక్క పోతుందని నేను ఒప్పుకున్నట్టే అనిపించింది. పెట్టకుంటే రేపటికి ఉంటుందని పిచ్చి ఆశ. అందుకే రేపు అన్నాను. నువ్వొచ్చి ఎట్లుందని అడిగితే బాగానే ఉందన్నాను. కుళాయి దగ్గర నుంచి వచ్చి, బస్సుకు వేళయిందని నిన్ను లేపింది కూడా నేనే. ఆమె పోతుంటే పక్కన నేను తప్ప ఎవరూ లేకుండా చేశాను.

నీ ఉత్తరం వచ్చిన రోజే మీ అల్లుడికి అన్నీ చెప్పాను. ఆయన కొత్త బండ మీద చెయ్యి ఆనించారు. కేకలు వేస్తారనుకున్నాను. వేసినా బాగుండేది. "ఒక మనిషిని పంపించింటే వచ్చి దాని కాడ కూర్చోనుంటి గదా" అన్నారు. అంతే. తర్వాత నాతో మాటలు లేవు. ఈ పొద్దున మాత్రం కాఫీ అడిగారు.

అక్క నా వెనక తిండి కోసం నిలబడలేదు నాయనా. ఆమెకు నువ్వు కడుపు నిండా పెట్టే పంపావు. నాయనను, ఆయనను ఎందుకు పిలవలేదే అని అడగడానికి నిలబడుతోంది. ఎన్ని టైల్స్ వేసినా, ఏ ఇంటికి పోయినా ఆ మాట నన్నే అడుగుతుంది. అడగనీ.

మునిరామయ్యకు ఆ గోడ వదిలేయమని చెప్పాను. అక్కడ మా అక్క పోయిందని కొనేవాళ్ళకు నా నోటితోనే చెబుతాను. రామచంద్ర తల పట్టుకున్నాడు. ఇష్టమైతే కొంటారు, లేకుంటే ఈ మూడు గోడల టైల్స్ నేనే తుడుచుకుంటాను.

చీర అందింది. దాన్ని నేను పెట్టను. గురువారం పొద్దున బస్సుకు బయలుదేరు. మీ అల్లుడు ఆ రోజు సెలవు పెట్టారని నందిని చెప్పింది. అక్క మంచం ఉన్నచోట మీ ఇద్దరికీ పీటలు వేస్తాను.

ఆ రోజు నిన్ను పిలవాల్సింది, పిలవలేదు. ఇప్పుడు పిలుస్తున్నాను. రా నాయనా.

కోమలి