పదిహేడో భాగం మీద నీ అభిప్రాయం

లింగన్నా,

బతికున్నప్పుడే నీకు చదవడం రాదు. నువ్వు పోయిన ఏడాదికి నీకు ఉత్తరం రాస్తున్నానని తెలిస్తే నవ్వేవాడివి.

మన దెయ్యాల నవల పదిహేడో భాగం వచ్చింది. ఖతార్‌లో మన అల్ ఖోర్ లేబర్ క్యాంపులో అందరూ చదివి, అలవాటు ప్రకారం చివరి ఖాళీ పేజీలో అభిప్రాయాలు రాశారు. "బాగా సాగదీసిండు" అని గంగాధర్ రాశాడు. "దెయ్యం ముసలిదైపోయింది, భయపెట్టలేకపోతోంది" అని ఏసుబాబు. నాకూ ఎక్కడా గుండె ఝల్లుమనలేదు.

శుక్రవారం పొద్దున నీ మంచం మీద కూర్చుని నేను పైకి చదివేవాణ్ణి. కథలో తలుపు చప్పుడు కాగానే "ఆపు తమ్మీ, జర చాయ్ తాగి వింట" అనేవాడివి. ఆ చాయ్ అయ్యేదాకా తలుపవతల ఏముందోనని ఇద్దరం ఊహించుకుంటూ కూర్చునేవాళ్ళం. పుస్తకం అయ్యాక నువ్వు చెబితే నీ అభిప్రాయం నేనే రాసేవాణ్ణి. ప్రతి భాగానికీ ఒకటే: "మస్తుగుంది. ఇంకోటి ఎప్పుడొస్తది?"

నిన్న శుక్రవారం. ఒక్కణ్ణే మళ్ళీ మొదటినుంచి పైకి చదివాను. తలుపు చప్పుడు దగ్గర ఆపి, లేచి చాయ్ పెట్టాను. కప్పు పట్టుకుని కూర్చున్నాక అప్పుడు వేసింది భయం.

చివరి పేజీలో నీ పేరు రాసి, పక్కన "మస్తుగుంది" అని రాశాను. ఇంకోటి ఎప్పుడొస్తదని మాత్రం అడగలేదు.